పదహారేళ్ల వయసు, 68 మ్యాచ్‌లు: జూనియర్ ఐస్ హాకీ సంతకానికి ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

టొరంటో పక్కనున్న బ్రాంప్టన్, మిసిసాగాల్లో గానీ, డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో గానీ ఐస్ రింకుకు వెళితే తెలుగు మాటలు వినబడడం ఇప్పుడు వింతేమీ కాదు. ఐదారేళ్ల వయసులో స్కేట్లు కట్టుకున్న పిల్లల్లో కొందరు పదిహేనో ఏడు వచ్చేసరికి జూనియర్ లీగు గుమ్మం దాకా వస్తారు. అక్కడ ఏం చేయాలన్నది ఆ ఇంట్లో నలుగురే కూర్చుని తేల్చుకునే విషయం కాదు. విజయవాడలో తాతయ్యతో, వరంగల్‌లో అమ్మమ్మతో మాట్లాడాకే సంతకం పడుతుంది. ఆ పెద్దలు చదివేది మీ పత్రిక కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాం.

ముందు డ్రాఫ్ట్ సంగతి, అంటే జట్లు వంతులవారీగా పిల్లలను ఎంచుకునే పద్ధతి. కెనడాలో అగ్రశ్రేణి జూనియర్ హాకీ మూడు లీగుల్లో జరుగుతుంది: ఒంటారియో, పశ్చిమ రాష్ట్రాలు, క్యుబెక్‌తో పాటు అట్లాంటిక్ తీరం. ఇవి 16 నుంచి 20 ఏళ్ల వాళ్ల లీగులు. బ్రాంప్టన్ పిల్లలకు దగ్గరిది ఒంటారియో లీగు, అంటే ఓహెచ్‌ఎల్. అందులో 20 జట్లు. వాటిలో మూడు, ఈరీ, ఫ్లింట్, సాగినా, అమెరికాలో ఉన్నాయి. మిసిసాగాలో ఉన్న స్టీల్‌హెడ్స్ జట్టు 2024లో బ్రాంప్టన్‌కు మారాక మనవాళ్లకు ఈ లీగు ఇంటి పక్కకే వచ్చింది. పదహారు నిండే ఏడాదిలో ఉన్న పిల్లలను ఈ జట్లు 15 రౌండ్లలో ఎంచుకుంటాయి. దాదాపు 300 పేర్లు వస్తాయి. పేరు రాగానే మనవాళ్లు ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సీటు వచ్చినంత సంబరపడతారు. సీటు రాలేదు. ఆ లీగులో ఆ పిల్లవాడితో ఒప్పందం చేసుకునే హక్కు ఒక్క జట్టుకే ఉంటుందని మాత్రమే డ్రాఫ్ట్ అర్థం. పదహారేళ్లకే జట్టులో నిలిచేవాళ్లు ఎక్కువగా మొదటి రెండు మూడు రౌండ్లవాళ్లు. పదో రౌండులో పేరొచ్చిన పిల్లవాడికి ఆగస్టు చివర క్యాంపుకు పిలుపు వస్తుంది, చాలాసార్లు వారం తిరక్కుండానే ఇంటికి పంపేస్తారు. అందులో అవమానమేమీ లేదు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ ముందే తెలిస్తే పిల్లవాడి మీద భారం తగ్గుతుంది.

పుట్టిన నెల కూడా చూసుకోవాలి. కెనడా హాకీలో వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టు, ఒకే డ్రాఫ్ట్. పదమూడు పద్నాలుగేళ్లప్పుడు పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో, బరువులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. శరీరంతో ఢీకొట్టే బాడీ చెకింగ్ మొదలయ్యేదీ ఆ వయసు పోటీ జట్లలోనే. పెద్దపిల్లలకు ముందు మంచి జట్టు, దాంతో మంచి కోచ్, దాంతో ఎక్కువ ఆట దొరుకుతాయి. జూనియర్ జట్ల జాబితాల్లో సంవత్సరం తొలి మూడు నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువగా ఉంటారని 1980ల నుంచీ పరిశోధకులు చూపిస్తూనే ఉన్నారు. నవంబరు, డిసెంబరు పిల్లలున్న ఇళ్లకు మేం చెప్పేది ఒకటే: పదిహేనేళ్లప్పుడు డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే ఆట మాన్పించకండి. ఆ తేడా పద్దెనిమిదేళ్లకు చాలావరకు సర్దుకుంటుంది.

జట్టులో నిలిచాడనుకుందాం. సెప్టెంబరు మొదట్లో సన్నాహక మ్యాచ్‌లు, ఆ నెల మూడో నాలుగో వారంలో లీగు మొదలు. మార్చి మూడో వారం దాకా 68 మ్యాచ్‌లు, సగం సొంతూళ్లో, సగం బయట. ఎక్కువ మ్యాచ్‌లు గురువారం నుంచి ఆదివారం లోపే పడతాయి. శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు ఊళ్లలో మూడు మ్యాచ్‌లు ఆడే వారాలు చాలానే ఉంటాయి. ఒక్కో మ్యాచ్ 20 నిమిషాల మూడు పీరియడ్లు. సమమైతే ముగ్గురికి ముగ్గురు చొప్పున అయిదు నిమిషాల అదనపు ఆట, అప్పటికీ తేలకపోతే షూటౌట్. గెలుపుకు రెండు పాయింట్లు, అదనపు ఆటలోనో షూటౌట్‌లోనో ఓడితే ఒకటి. తూర్పు, పడమర విభాగాల్లో పదేసి జట్లు ఉంటే ఎనిమిదేసి ప్లేఆఫ్‌కు వెళతాయి. అక్కణ్నుంచి ప్రతి రౌండూ ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచే పద్ధతే, అలాంటివి నాలుగు. మూడు లీగుల విజేతలూ, ఆతిథ్య జట్టూ కలిసి ఆడేది మెమోరియల్ కప్. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల గుర్తుగా 1919లో మొదలైన కప్ అది. 2025లో క్యుబెక్‌లోని రిముస్కీలో ఓహెచ్‌ఎల్ జట్టు లండన్ నైట్స్ గెలిచినప్పుడు జూన్ వచ్చేసింది. అంటే ఆగస్టులో ఇల్లు వదిలిన పిల్లవాడు జూన్ దాకా ఆడుతూనే ఉండవచ్చు.

అతను నిజంగా ఎంతసేపు ఆడుతున్నాడన్నది స్కోరు కార్డు చూస్తే తెలియదు. జట్టుకు 23, 24 మంది ఉంటే మ్యాచ్‌కు బరిలోకి దిగేది 20 మంది: 18 మంది స్కేటర్లు, ఇద్దరు గోలీలు, అంటే గోల్ కాపరులు. మిగతావాళ్లు కోటు వేసుకుని పైన కూర్చుని చూస్తారు, వాళ్లలో తరచుగా ఉండేది పదహారేళ్లవాడే. దిగినవాడికైనా వంతు, అంటే షిఫ్ట్, 40, 45 సెకన్లే. ఒకే వంతులో నిమిషం దాటితే కాళ్లు మొద్దుబారతాయి, తప్పులు అప్పుడే జరుగుతాయి. మ్యాచ్ చూస్తున్నప్పుడు తల్లిదండ్రులు గోల్స్ కాకుండా షిఫ్ట్‌లు లెక్కపెట్టాలి. 16 షిఫ్ట్‌లు పడితే పదకొండు పన్నెండు నిమిషాల ఆట దొరికినట్టు, కొత్తవాడికి అది చాలా మంచి లెక్క. ఎనిమిదే పడుతుంటే, అవీ మొదటి రెండు పీరియడ్లలోనే ఆగిపోతుంటే, నవంబరు చివరికల్లా కోచ్‌తో మాట్లాడాలి. పవర్ ప్లేలో, అంటే పెనాల్టీ వల్ల ఎదుటి జట్టుకు ఒకరు తక్కువైనప్పుడు, దింపుతున్నారా, మన జట్టుకే ఒక ఆటగాడు తక్కువైనప్పుడు పెనాల్టీ కాయడానికి దింపుతున్నారా అన్నదీ గమనించండి. కొత్తవాడికి కోచ్ నమ్మకం ముందుగా దొరికేది ఈ రెండో చోటే. షాట్లకు అడ్డుపడడం, పక్‌ను, అంటే ఆడే రబ్బరు బిళ్లను, గోడ వెంట బయటికి పంపడం, షిఫ్ట్ అయిన వెంటనే బెంచికి రావడం చేసేవాడికి ఫిబ్రవరిలో నిమిషాలు పెరుగుతాయి. గోలీల పరిస్థితి ఇంకా కష్టం. ఆడేది ఒక్కడే. చిన్నవాడైన రెండో గోలీకి మ్యాచ్‌లు అరుదుగా, చాలావరకు వరస మ్యాచ్‌ల రెండో రోజున, అలసిన జట్టు ముందు దొరుకుతాయి. అతని సేవ్ శాతం, అంటే ఆపిన షాట్ల శాతం, తక్కువగా కనిపిస్తే దాని వెనక ఇది ఉందని గుర్తుంచుకోవాలి.

సామాన్లు జట్టే ఇస్తుంది, స్కేట్లకు సాన పట్టడానికి మనిషి ఉంటాడు. కాబట్టి ఆ ఖర్చు జూనియర్‌లో తగ్గుతుంది. అంతకుముందు ట్రిపుల్ ఏ స్థాయిలో, అంటే జూనియర్‌కు ముందు పిల్లల హాకీలోని పై స్థాయిలో, ఫీజులు, ప్రయాణాలు, సామాన్లు కలిపి ఏడాదికి పది వేల డాలర్లు దాటడం మామూలే. ఆ దశలో ఎక్కువగా కనబడే పొరపాటు ఒకటుంది: వేగంగా ఎదిగే పిల్లవాడికి పెద్దవాళ్ల స్టిక్ కొని పైభాగం కోసి ఇవ్వడం. కోసిన కొద్దీ స్టిక్ మొండిదవుతుంది, వంగదు, షాట్‌లో బలం రాదు. స్టిక్ ఎంత మొండిదో చెప్పే అంకె ఫ్లెక్స్. శరీర బరువు పౌండ్లలో ఎంతో అందులో సగం ఆ అంకె ఉండేలా చూసుకోవాలి. 140 పౌండ్ల పిల్లవాడికి 70 ఫ్లెక్స్ సరిపోతుంది.

ఇక చదువు. మన ఇళ్లలో అసలు ప్రశ్న ఇదే, అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే. ఓహెచ్‌ఎల్ జట్టులో చేరిన పిల్లవాడు ఆ ఊరి హైస్కూలుకు మారతాడు. మధ్యాహ్నం ప్రాక్టీసు ఉంటుంది కాబట్టి పొద్దుటి పీరియడ్లే చేతిలో ఉంటాయి, గురు, శుక్రవారాల్లో బస్సు ప్రయాణాలుంటే అవీ పోతాయి. ఒంటారియోలో సెమిస్టర్‌కు నాలుగు కోర్సులు. చాలామంది ఆటగాళ్లు మూడే తీసుకుంటారు. ఇంజనీరింగ్‌కు వెళ్లాలనుకుంటే గ్రేడ్ 12లో యూనివర్సిటీ స్థాయి అడ్వాన్స్‌డ్ ఫంక్షన్స్, క్యాల్క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ ఉండి తీరాలి. ఈ అయిదింటినీ సీజన్‌లోనే నెట్టుకురావాలని చూస్తే ఏదో ఒకటి దెబ్బతింటుంది. సెమిస్టర్‌కు ఒక్క కష్టమైన కోర్సు, ఇంకొకటి వేసవి బడిలో లేదా ఆన్‌లైన్‌లో పెట్టుకున్న పిల్లలు నిలదొక్కుకుంటారు. ఈ ప్రణాళికను గ్రేడ్ 10లోనే కాగితం మీద రాసుకోవాలి. జట్టుకు చదువు చూసే సలహాదారు ఉంటారు, ఒప్పందానికి ముందే ఆయనతో ఒకసారి కూర్చోండి. ఆయన దగ్గర సమాధానం లేకపోతే అదీ ఒక సమాధానమే.

జనవరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డిసెంబరు 26 నుంచి జనవరి 5 వరకు ప్రపంచ జూనియర్ పోటీలు జరుగుతాయి. జట్టులోని పెద్ద ఆటగాళ్లు అటు వెళ్లడంతో చిన్నవాళ్లకు హఠాత్తుగా ఎక్కువ ఆట దొరుకుతుంది. ఆ పది రోజులే చాలామందికి తలుపు తెరుస్తాయి. వెనకాలే ఆటగాళ్ల మార్పిడికి గడువు తేదీ వస్తుంది. కప్ కొట్టాలనుకునే జట్టు తన పదిహేడేళ్లవాళ్లనూ, ముందు ముందు డ్రాఫ్ట్‌లో వచ్చే వంతులనూ ఇచ్చి, అనుభవమున్న పందొమ్మిది, ఇరవై ఏళ్లవాళ్లను తెచ్చుకుంటుంది. ఇరవై ఏళ్లవాళ్లు జట్టుకు ముగ్గురికి మించకూడదన్న నియమం వల్ల ఈ మార్పిళ్లు ఇంకా జోరుగా సాగుతాయి. దాని ఫలితం: ఒంటారియో స్కూళ్లలో మొదటి సెమిస్టర్ పరీక్షలు జనవరి చివరలో ఉంటే, మన పిల్లవాడు జనవరి రెండో వారంలో 500 కిలోమీటర్ల అవతల మరో ఊళ్లో, మరో ఇంట్లో తేలతాడు. పాత స్కూలులోనే పరీక్షలు రాసేలా, లేదా దూరం నుంచి పూర్తి చేసేలా ఏర్పాటు ఎవరు చేస్తారన్నది సెప్టెంబరులోనే అడిగి పెట్టుకోవాలి.

ఊరు మారిన పిల్లవాడు ఉండేది బిల్లెట్ కుటుంబంతో. ఆ ఊళ్లోవాళ్లే తమ ఇంట్లో ఒక గది ఇచ్చి, కొడుకులా చూసుకుంటారు. తిండి ఖర్చులకు జట్టు నెలనెలా కొంత ఇస్తుంది. ఈ కుటుంబాల మంచితనం మీదే జూనియర్ హాకీ నడుస్తోందంటే అతిశయోక్తి కాదు. మన పిల్లల విషయంలో తిండి గురించి మొహమాటం పనికిరాదు. శాకాహారి అయితే జట్టుకు, బిల్లెట్‌కు ఆగస్టులోనే చెప్పాలి. చెప్పకపోతే పిల్లవాడు చికెన్ పక్కనబెట్టి బ్రెడ్డు, పాస్తాతో సరిపెట్టుకుంటాడు, ఫిబ్రవరికి బరువు తగ్గి కూర్చుంటాడు. పప్పు, గుడ్లు, పనీర్, పెరుగు, సోయా ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. బిల్లెట్ అమ్మకు పప్పు చేయడం ఒక్కసారి వీడియో కాల్‌లో చూపిస్తే చాలు. మ్యాచ్‌కు మూడు నాలుగు గంటల ముందు తినేది నూనె తక్కువగా, పిండిపదార్థం ఎక్కువగా ఉండాలి. అన్నం, పలచని పప్పు, పెరుగు చక్కగా సరిపోతాయి. వేపుళ్లు, రాజ్మా ఆ పూట వద్దు. మ్యాచ్ అయిన గంటలోపు మళ్లీ తినాలి, బస్సు కదిలాక హైవే పక్క దుకాణంలో చూసుకుందామంటే కుదరదు. శాకాహార పిల్లలకు సీజన్‌కు ముందు ఐరన్, బీ12 పరీక్షలు చేయించడం మంచిది.

దెబ్బల గురించి దాచుకోవడం ఈ ఆటలో పాత జబ్బు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆ రోజు ఆట అక్కడితో సరి. ఒంటారియోలో రోవన్స్ లా అని 2018లో చేసిన చట్టముంది. రగ్బీలో వరస తలదెబ్బలతో 2013లో చనిపోయిన రోవన్ స్ట్రింగర్ అనే అమ్మాయి పేరు మీద వచ్చిన చట్టం. 26 ఏళ్లలోపు ఆటగాళ్లు, 18 లోపువాళ్ల తల్లిదండ్రులు ఏటా కంకషన్ (తలదెబ్బతో మెదడు అదిరిపోవడం) సమాచారం చదివామని ఖరారు చేయాలి. చదవకుండా టిక్కు పెట్టేవాళ్లే ఎక్కువ, దయచేసి చదవండి. తిరిగి ఆటలోకి రావడానికి ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకూ కనీసం 24 గంటలు. లక్షణాలు తిరిగొస్తే ఒక మెట్టు వెనక్కి. పూర్తిగా బడికి వెళ్లగలిగాకే, డాక్టర్ అనుమతి ఇచ్చాకే ఢీకొట్టే ప్రాక్టీసు. ప్లేఆఫ్ సమయంలో తలనొప్పిని దాచేది కోచ్‌కు భయపడి కాదు, జట్టులో చోటు పోతుందని. ఆ చోటు పోయినా ఇంట్లో ఎవరూ ఏమీ అనరని పిల్లవాడికి అమ్మానాన్నల నోటి నుంచే తెలియాలి. మెడకు కోత తగలకుండా నెక్ గార్డ్ ఓహెచ్‌ఎల్‌లో తప్పనిసరి. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆడం జాన్సన్ అనే ఆటగాడు స్కేట్ అంచు మెడకు తగిలి చనిపోయాక దాని అవసరం గురించి వాదించేవాళ్లు తగ్గారు. ప్రాక్టీసులోనూ తీయకూడదు.

బస్సు ప్రయాణాలు ఈ లీగుల్లో విడదీయలేని భాగం. సూ సెయింట్ మేరీ నుంచి టొరంటో వైపు రావాలంటే దాదాపు 700 కిలోమీటర్లు, అదీ మంచులో, రాత్రి. 2018 ఏప్రిల్ 6న సస్కాచెవాన్‌లో హంబోల్ట్ బ్రాంకోస్ జూనియర్ జట్టు ప్లేఆఫ్ మ్యాచ్‌కు వెళుతుండగా బస్సూ ట్రక్కూ ఢీకొని 16 మంది చనిపోయారు. 2020 సెప్టెంబరు నుంచి కెనడాలో కొత్తగా తయారయ్యే పెద్ద బస్సులకు సీటు బెల్టులు తప్పనిసరి చేశారు. పాత బస్సులు ఇంకా తిరుగుతున్నాయి. జట్టు బస్సుకు బెల్టులున్నాయా, ఉంటే పెట్టిస్తారా, మంచు తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు రాత్రి ఆగిపోతారా అని అడగడం అతి జాగ్రత్త అని ఎవరన్నా అనుకుంటే అనుకోనివ్వండి.

ఇప్పుడు సంతకం సంగతి. ఆడిన ఒక్కో సీజన్‌కు ఒక్కో ఏడాది యూనివర్సిటీ ఖర్చు జట్టు భరిస్తుందన్నది ఓహెచ్‌ఎల్ ఒప్పందంలో మూలస్తంభం. నోటి మాట మీద వదలకుండా లాయరు చేత చదివించాలి. ఏడాదికి గరిష్ఠంగా ఎంత? ఫీజు ఒక్కటేనా, పుస్తకాలు, హాస్టలు కూడానా? మధ్యలో తీసేస్తే ఆ సీజన్ లెక్కలోకి వస్తుందా? వేరే జట్టుకు మార్చితే బాధ్యత ఎవరిది? జూనియర్ అయ్యాక ఎన్ని నెలల్లోపు చదువు మొదలుపెట్టాలి? ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకుంటే ఏమవుతుంది? వీటికి జవాబులు కాగితం మీద ఉండాలి.

అమెరికా యూనివర్సిటీ హాకీ కోసం కెనడా జూనియర్‌ను వదులుకోవాలన్న పాత సలహా ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. అది మారింది. అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 2024 నవంబరులో ఓటు వేసి, 2025 ఆగస్టు 1 నుంచి కెనడా మేజర్ జూనియర్‌లో, అంటే పైన చెప్పిన మూడు లీగుల్లో, ఆడినవాళ్లకూ తలుపు తీసింది. షరతు ఏమిటంటే అసలైన, అవసరమైన ఖర్చులకు మించి డబ్బు తీసుకుని ఉండకూడదు. ఆ వేసవిలోనే పశ్చిమ లీగు జట్టు మెడిసిన్ హాట్ టైగర్స్ ఆటగాడు గావిన్ మెకెనా అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాడు. కానీ ఎన్‌సీఏఏ పై శ్రేణి డివిజన్ 1కు హైస్కూలులో 16 కోర్ కోర్సులు, వాటిలో 2.3 గ్రేడ్ సగటు (జీపీఏ) కావాలి. హైస్కూలులో గణితం, సైన్స్ మానేసినవాడికి గోల్స్ ఎన్ని ఉన్నా ఆ తలుపు తెరుచుకోదు. ఇంకో ప్రభావం కూడా ఉంది: ఇరవై ఏళ్ల జూనియర్ ఆటగాళ్లు యూనివర్సిటీ చోట్లకు పోటీ వస్తుండడంతో పద్దెనిమిదేళ్లకే నేరుగా చేరడం కష్టమవుతోంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ మొదటి శ్రేణి జూనియర్ లీగులో ఆటగాడు ఫీజు కట్టడు. మూడో శ్రేణిలో మాత్రం కుటుంబమే వేల డాలర్లు కడుతుంది. "మీవాణ్ని జూనియర్‌కు తీసుకున్నాం" అన్న ఫోన్ వస్తే ఏ శ్రేణి, ఎంత కట్టాలి, పోయిన సీజన్ ఆ జట్టు నుంచి ఎంతమంది ఏ కాలేజీకి వెళ్లారు అని అడగండి. ఎంపిక చేయిస్తామంటూ ముందే డబ్బు అడిగే మధ్యవర్తిని నమ్మవద్దు.

పదహారేళ్లకు జట్టులో నిలవనివాడు తిరిగి 18 లోపు ట్రిపుల్ ఏలోనో, కింది స్థాయి జూనియర్ ఏ, జూనియర్ బీ జట్లలోనో ఆడతాడు. అక్కడ రోజూ ఇరవై నిమిషాల ఆట దొరికితే, పై లీగులో కోటు వేసుకుని కూర్చోవడం కంటే అదే మేలు. భారతీయ మూలాలున్న అర్ష్‌దీప్ బైన్స్‌ను చూడండి. బ్రిటిష్ కొలంబియాలోని సర్రేకు చెందిన ఈ కుర్రాడు పశ్చిమ లీగులో రెడ్ డీర్ రెబెల్స్‌కు ఆడి, ఇరవై ఏళ్లవాళ్లకు మిగిలే ఆఖరి సీజన్‌లో, 2021-22లో, 112 పాయింట్లతో లీగు మొత్తానికి మొదటివాడయ్యాడు. ప్రొఫెషనల్ హాకీలో అగ్ర లీగైన ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో అతని పేరు ఎప్పుడూ రాలేదు. ఆ సీజన్ ఆట చూసి, అది నడుస్తుండగానే ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ అతనితో ఒప్పందం చేసుకుంది.

అమ్మాయిలకు దారి వేరు. ఒంటారియోలో మహిళల 22 లోపు లీగు ఉంది, అక్కణ్నుంచి యూనివర్సిటీ జట్లకు, 2024 జనవరిలో మొదలైన ప్రొఫెషనల్ మహిళా లీగుకు వెళ్లవచ్చు. దాని లెక్కలు వేరు, వేరే ఉత్తరమే రాయాలి.

మీ ప్రవాస పేజీలో ఇలాంటి పిల్లల వార్త వేసేటప్పుడు "ఎంపికయ్యాడు" అన్న మాటతో ఆపకుండా ఏ లీగు, ఏ శ్రేణి, ఎన్నో రౌండు, జట్టులో నిలిచాడా, ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు అన్నవి కూడా కనుక్కుని వేయండి. పదిహేనేళ్ల పిల్లవాడి స్కూలు పేరు, ఇంటి ప్రాంతం మాత్రం వేయకండి. డ్రాఫ్ట్ వార్త వేసినవాడి గురించి సీజన్ ముగిసే మార్చిలో మరో నాలుగు లైన్లు, ఎంత ఆడాడు, ఏ కోర్సులు పూర్తి చేశాడు అని వేస్తే, తర్వాతి ఏడాది క్యాంపుకు వెళ్లే ఇంటికి అవే ఎక్కువ పనికొస్తాయి.

ఇట్లు,
జూనియర్ హాకీ శిక్షణ, నిర్వహణ పనుల్లో ఉన్న కొందరు తెలుగువాళ్లం,
బ్రాంప్టన్, ఒంటారియో